అడవి దాటి వచ్చిన విద్యార్థి

హుయాన్‌త్సాంగ్ మా కాలేజీ పిల్లలకు ఐదు మార్కుల ప్రశ్న. చైనా నుంచి వచ్చాడు, నలందలో చదివాడు, హర్షుణ్ని కలిశాడు, చూసినవన్నీ పుస్తకంగా రాశాడు. ఈ నాలుగు ముక్కలు రాస్తే మార్కులు పడతాయి. భద్రాచలంలో చరిత్ర పాఠం చెప్పేవాణ్ని కాబట్టి నేను ఐదో ముక్క ఒకటి చేర్చి చెబుతాను. 639 ప్రాంతంలో ఆయన కోసల రాజ్యం నుంచి బయలుదేరి, పెద్ద అడవిలో పడి, దక్షిణ దిక్కుగా 900 లీలకు పైగా నడిచి ఆంధ్రదేశం చేరాడు. లీ అంటే చైనావాళ్ల దూరపు కొలత. ఆ కోసల అంటే నేటి ఛత్తీస్‌గఢ్ వైపు. ఆంధ్రదేశపు రాజధానిగా ఆయన రాసిన ఊరు వేంగి అనీ, అది ఏలూరు దగ్గరి పెదవేగి అనీ పండితులు చెబుతారు. పటం పరిచి ఈ రెంటి మధ్యా గీత గీస్తే అది భద్రాచలం అడవుల మీదుగానో, వాటి పక్క నుంచో పోతుంది. ఏ రేవులో గోదావరి దాటాడో ఆయన రాయలేదు. దిక్కు రాశాడు, దూరం రాశాడు, అడవి అని రాశాడు.

ఈ మాట చెప్పగానే పిల్లలు తలెత్తి చూస్తారు. చర్ల నుంచి, దుమ్ముగూడెం నుంచి, వెంకటాపురం నుంచి వచ్చి హాస్టళ్లలో ఉండి చదువుకునే పిల్లలు. పాఠంలోకి తమ ఊరి దిక్కు రావడం వాళ్లకు కొత్త.

ఆయన్ని మనం యాత్రికుడంటాం. నాకు మాత్రం చివరిదాకా విద్యార్థిగానే కనిపిస్తాడు. చైనాలో దొరికిన బౌద్ధ గ్రంథాల అనువాదాలు ఒకదానితో ఒకటి పొసగడం లేదు, మూలం చదివితే తప్ప సందేహం తీరదు అనుకున్నాడు. అప్పుడు దేశం దాటి పోవడానికి అనుమతి లేదు. అయినా చాంగాన్ నగరం వదిలి పడమటికి నడిచాడు. 645లో తిరిగి ఆ నగరం చేరినప్పుడు ఇరవై గుర్రాల మీద 657 గ్రంథాలున్నాయి. ఆ తర్వాత బతికినన్నాళ్లూ వాటిని చైనా భాషలోకి తెస్తూనే ఉన్నాడు.

ఆంధ్రదేశం గురించి ఆయన రాసింది కొంచెమే. ఆ కొంచెంలోనే ఆయన చూపు ఎట్లాంటిదో తెలుస్తుంది. రాజధాని చుట్టుకొలత 20 లీలు. నేల సారం గలది, ఎండ ఎక్కువ, జనం ఉద్రేకం గలవాళ్లు. మాట మధ్యదేశపు మాటకు వేరు, అక్షరాలు మాత్రం చాలావరకు అవే. ఆరామాలు ఇరవై దాకా, భిక్షువులు మూడు వేల మంది, దేవాలయాలు ముప్ఫై. ఊరి దాపున ఒక పెద్ద విహారం, దానికి నైరుతిన ఒంటికొండ మీద రాతి స్తూపం. బౌద్ధ తార్కికుడు దిఙ్నాగుడు తర్కశాస్త్రం రాసింది ఆ కొండ మీదేనని విన్నాడు, అదీ రాసుకున్నాడు. పెద్ద ఊరు ఎంత, దాని చుట్టుపక్కల ఏముంది. నేల ఏమిటి, నీరు ఏమిటి, మాట ఏమిటి, ఏం నిలిచింది, ఏం పాడుబడింది. ప్రతి రాజ్యం దగ్గరా ఇవే ప్రశ్నలు.

అక్కడి నుంచి ఇంకా దక్షిణానికి, అమరావతి దగ్గరి ధాన్యకటకం పోయాడు. ఆరామాలు చాలావరకు పాడుబడి ఉన్నాయి. జనానికి చదువంటే గౌరవం అని రాశాడు. చూడాల్సింది చూసి కదలాల్సిన మనిషి అక్కడ కొన్ని నెలలు ఉండిపోయాడు. ఆ సంగతి ఆయన పుస్తకంలో కాదు, హుయీలీ అనే భిక్షువు రాసిన ఆయన జీవితచరిత్రలో ఉంది. సుభూతి, సూర్యుడు అనే ఇద్దరు భిక్షువులకు ఒక బౌద్ధ సంప్రదాయపు తాత్విక శాస్త్రం, అభిధర్మం, బాగా తెలుసునని విని, వాళ్ల దగ్గర కూర్చుని చదువుకున్నాడు. తనకు తెలిసిన మహాయాన శాస్త్రాలు వాళ్లకు చెప్పాడు. అప్పటికే ఆయన నలందలో పేరు పడ్డ పండితుడు. పాడుబడ్డ గోడల మధ్యకు వచ్చి కూడా, ఇక్కడ నాకు నేర్పగలవాళ్లు ఎవరు అని అడిగాడు. ఎన్నో ఊళ్లు తిరిగిన విద్యార్థి నుంచి నేను తీసుకున్నది ఈ ఒక్క ప్రశ్నే. ఏ ఊరికి పోయినా చూడదగ్గ స్థలాల పట్టీ ఇట్టే దొరుకుతుంది. నేర్పగల మనుషుల పట్టీ మాత్రం పోయినవాడే తయారుచేసుకోవాలి.

ఆ పట్టీ నేను మొదలుపెట్టింది ఖమ్మంలో, డిగ్రీ చదివేటప్పుడు. జేబులో బస్సు చార్జీకి తప్ప డబ్బుండేది కాదు, కాళ్లల్లో మాత్రం బలం ఉండేది. ఆదివారం వస్తే ఖిల్లా ఎక్కేవాళ్లం. ఎండకు కాలే రాతిగుట్ట, దాన్ని చుట్టుకున్న గోడలు, కింద ఊరు, ఊరి అంచున మున్నేరు. గుట్ట దిగితే జాఫర్ బావి. మెట్లు మెట్లుగా భూమిలోకి దిగే ఆ బావి చూసినప్పుడు, ఈ రాతినేలలో నీళ్ల కోసం మనుషులు ఎంత ఆలోచించారో అనిపించేది. ఇప్పుడు పిల్లలు ఖమ్మం పోతే లకారం చెరువు మీది తీగల వంతెన దగ్గర ఫొటోలు దిగుతారు. సాయంత్రం దీపాల్లో అది నిజంగానే బాగుంటుంది.

కానీ ఖమ్మంలో నాకు చదువు చెప్పింది మిర్చి మార్కెట్. జనవరి దాటిందంటే యార్డు నిండా ఎరుపు. అడుగు పెట్టగానే గొంతు మండుతుంది, కళ్లవెంట నీళ్లు కారతాయి, పది నిమిషాలకు అలవాటవుతుంది. అక్కడ ఒక పెద్దాయన, బస్తాలు మోసీ మోసీ భుజం ఒకవైపు వాలినవాడు, గుప్పెడు కాయలు తీసుకుని పిడికిట్లో నలిపేవాడు. ఆ చప్పుడు విని తేమ ఎంతుందో చెప్పేవాడు. “ఇది రాత్రి మంచులో ఆరబోసిన కాయ బాబూ, రేపటికి మెత్తబడతది” అనేవాడు. నేను అక్కడే ఓ పక్కన నిలబడి వినేవాణ్ని. తేజ రకం కాయ ఇక్కడి నుంచి చైనాకు పోతుందని నాకు మొదట చెప్పింది ఆయనే. ఇప్పటికీ మార్కెట్లో ధర పెరిగినా తగ్గినా చైనా నుంచి ఆర్డర్లు ఎట్లా ఉన్నాయన్న మాట వినిపిస్తుంది. హుయాన్‌త్సాంగ్ వచ్చినప్పుడు ఈ కాయ ఇక్కడా లేదు, అక్కడా లేదు. అమెరికా ఖండాల్లో పుట్టిన మొక్క సముద్రాల మీద రెండు చోట్లకూ చేరి, ఇప్పుడు ఖమ్మం రైతుకీ, చైనా వంటింటికీ మధ్య రోజువారీ లెక్క అయింది. ఆయన తిరిగి రాస్తే ఈ దేశపు పంటల వరసలో మొదటి మాట దీని గురించే రాస్తాడనుకుంటాను.

మున్నేరు గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఎండాకాలం పిల్లలు క్రికెట్ ఆడుకునే ఆ ఏరు 2024 సెప్టెంబరు 1న ఒడ్డు కాలనీలను ఇళ్ల కప్పుల దాకా ముంచేసింది. ఖిల్లా మీద నుంచి చూస్తే అందమైన వంపు అది. ఆ వంపులో ఇల్లు కట్టుకున్నవాళ్లకు మరో లెక్క. చూసేవాడికి రెండూ తెలియాలి.

ఖమ్మానికి దాపున నేలకొండపల్లి ఉంది. బస్సెక్కితే గంట లోపు. రామదాసుగా మనమందరం ఎరిగిన కంచర్ల గోపన్న పుట్టిన ఊరు. ఊరి పక్కన ముజ్జుగూడెం దగ్గర పెద్ద దిబ్బ ఒకటి, ఇటుకలతో కట్టిన బౌద్ధ మహాస్తూపం. విరాటరాజు కోట ఇక్కడేనని, కీచకుడు చచ్చింది ఇక్కడేనని ఊరివాళ్లు చెబుతారు. ఒకే నేల మీద భారత కథ, బౌద్ధం, రామభక్తి. పురావస్తు శాఖ తవ్వకాలకు ముందు ఆ దిబ్బను కాపాడింది విరాటరాజు కథే అని నా నమ్మకం. రాజుగారి దిబ్బ అన్న భయభక్తులు లేకపోతే ఆ ఇటుకలు ఏనాడో ఇళ్ల గోడలకు పోయేవి. చరిత్ర చెప్పేవాళ్లం ఇట్లాంటి కథలను తీసిపారేయడం నాకు నచ్చదు. అక్కడ గేదెలు కాసుకునే ఒకావిడ మమ్మల్ని స్తూపం చుట్టూ తిప్పి, ఏ వైపు ఇటుక పెద్దదో, ఏ వైపు చిన్నదో చూపించింది. ఎవరూ ఆమెను అడగలేదు. రోజూ చూస్తుంది కాబట్టి తెలుసు.

ఖమ్మం నుంచి భద్రాచలం దారి. ఏన్కూరు, జూలూరుపాడు దాటి కొత్తగూడెం. ఈ నేల కింద బొగ్గుందని 1871లో ఇల్లెందు దగ్గర విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు కనిపెట్టాడు. సింగరేణి చరిత్ర అక్కడ మొదలవుతుంది. కొత్తగూడెంలో రైలు స్టేషన్ పేరు భద్రాచలం రోడ్. భద్రాచలం అక్కడికి నలభై కిలోమీటర్ల దూరం. పాల్వంచ దాటాక పెద్దమ్మ గుడి దగ్గర లారీలు ఆగుతాయి, డ్రైవర్లు దిగి దండం పెట్టుకుని కదులుతారు. అక్కడి నుంచి చెట్లు చిక్కబడతాయి. టేకు, మద్ది, తునికి, ఇప్ప. సారపాకలో కాగితం మిల్లు పొగ గొట్టం కనిపించిందంటే వంతెన వచ్చినట్టే. 1965లో ఆ వంతెన తెరిచేదాకా రాముడి దర్శనానికి పోవాలన్నా, జబ్బు చేసి ఇవతలికి రావాలన్నా పడవే దిక్కు.

కొత్తగూడెం నుంచి ఈ రోడ్డు ఇప్పుడు 30వ నంబరు జాతీయ రహదారి. భద్రాచలం దాటి కుంట, జగదల్‌పూర్ మీదుగా రాయపూర్ దాకా పోతుంది. ఆ రాయపూర్ వైపే సిర్పూర్ ఉంది. హుయాన్‌త్సాంగ్ చూసిన కోసల రాజధాని అదేనని చాలామంది భావిస్తారు. అంటే ఆయన నడిచిన దిక్కునే ఇవాళ సిమెంటు లారీలూ, బస్సులూ నడుస్తున్నాయి.

మనుషులూ నడిచి వచ్చారు. 2005లో అవతల ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం అనే సాయుధ దళాలు మొదలయ్యాక దంతెవాడ, బీజాపూర్ వైపు ఊళ్లు ఖాళీ అయ్యాయి. తుపాకుల మధ్య బతకలేక వేల మంది గొత్తికోయ ఆదివాసులు పిల్లల్ని ఎత్తుకుని అడవి దారుల్లో దక్షిణంగా ఇటు వచ్చారు. కోసల నుంచి ఆంధ్రం వైపు, అదే అడవి, అదే దిక్కు. ఆ నడకను రాసినవాళ్లు తక్కువ. ఎన్ని రాత్రులు నడిచారు, ఏ వాగు దగ్గర ఆగారు, ఏం తిన్నారు అన్నది వాళ్ల పిల్లలకే సగం సగం తెలుసు. ఇరవై ఏళ్లయినా కొందరు ఇంకా నీటి కోసం, పట్టాల కోసం, పత్రాల కోసం తిరుగుతూనే ఉన్నారు. వాళ్ల పిల్లల్లో కొందరు ఇప్పుడు తెలుగు మీడియంలో హుయాన్‌త్సాంగ్ పాఠం చదువుతున్నారు. ఆ అడవి దాటడం అంటే ఏమిటో మా కాలేజీలో వాళ్ల కంటే బాగా ఎవరు చెప్పగలరు? ఇది తలుచుకుంటే నా గొంతు ఇప్పటికీ పట్టేస్తుంది.

భద్రాచలం వచ్చేవాళ్లు గుడి చూస్తారు, గోదావరిలో మునుగుతారు, పర్ణశాల పోయి వస్తారు. అందులో లోటేమీ లేదు. తానీషా కాలంలో తహసీల్దారు గోపన్న కట్టించిన గుడి, దానికోసం గోల్కొండలో ఆయన పడ్డ చెర, శ్రీరామనవమి కల్యాణానికి సర్కారు నుంచి వచ్చే ముత్యాల తలంబ్రాలు, ఇవన్నీ తెలుగువాళ్ల మనసుల్లో ఉన్నవే. గుడి మెట్ల మీద కూర్చుంటే ఏ జిల్లా యాస కావాలంటే ఆ జిల్లా యాస వినొచ్చు.

నేను పిల్లలకు చూపించాలనుకునేది ఇంకొంచెం అవతల ఉంది. కరకట్ట మీదికి వెళ్లి నీటిమట్టం అంకెలు చూడమంటాను. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. 2022 జులైలో 71.3. ఈ అంకెలు ఇక్కడి చిన్నపిల్లలకు కూడా నోటికి వచ్చు. కానీ అంకె వెనక నది నడక తెలిసింది పడవవాళ్లకు. రేవులో ఒక ముసలాయన, 1986 వరదలో జనాన్ని ఎక్కించుకుని తిరిగినవాడు, మా విద్యార్థులతో అన్నాడు: “పైన తగ్గిందని సంబరపడగూడదు నాయనా. కింద కూనవరం కాడ శబరి పొంగి ఉంటే ఇక్కడి నీళ్లు కదలవు. మనం రెండు నదుల్నీ చూసుకోవాల.” రేడియోలో ఎగపోటు అన్న మాట వినే ఉంటాం. ఆయన దాన్ని ఒడ్డున ఇసుకలో రెండు గీతలు గీసి, వాటిని కలిపి, వేలితో వెనక్కి నెట్టి చూపించాడు. పిల్లలు అక్కడే గొంతుక్కూర్చుని తమ ఊళ్ల వాగుల్ని కూడా ఆ బొమ్మలో కలిపారు. తాలిపేరు ఎక్కడ కలుస్తుందో, కిన్నెరసాని ఎక్కడ కలుస్తుందో. ఏ తరగతి గదిలోనూ అంత మంచి భూగోళ పాఠం నేను చూడలేదు.

ఇంకో విచిత్రం కూడా భద్రాచలంలోనే చూడొచ్చు. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు పోయినప్పుడు ఊరు తెలంగాణలో ఉండిపోయింది, ఊరి చుట్టూ పల్లెలు అటు పోయాయి. దుమ్ముగూడెం బస్సెక్కితే ఎటపాక దగ్గర రాష్ట్రం మారుతుంది, కొంత దూరం పోయాక మళ్లీ తెలంగాణ వస్తుంది. రాముడి గుడి ఒక రాష్ట్రంలో, రాముడి భూములు చాలావరకు పురుషోత్తపట్నంలో, ఇంకో రాష్ట్రంలో. అంతకు ముందు చూస్తే 1959 దాకా ఈ తాలూకా తూర్పు గోదావరి జిల్లాది. పటాల మీద గీతలు ఎన్నిసార్లు మారినా వారపు సంతకు ఉప్పూ, ఎండు చేపా కొనడానికి వచ్చే కోయ ఆడవాళ్లు ఏ రాష్ట్రం నుంచి వచ్చారని అడిగితే ఊరి పేరే చెబుతారు.

డిగ్రీలో నా గది స్నేహితుడు చర్ల మండలం కోయ కుర్రాడు. వేసవి సెలవుల్లో వాళ్లింటికి తీసుకుపోయాడు. తునికాకు కాలం. తెల్లవారకముందే ఊరంతా అడవిలో ఉండేది. వాళ్లమ్మ వెనక నేనూ నడిచాను. ఆకును చూసి కాదు, వేళ్ల మధ్య తిప్పి కోసేది. “పెద్దదైతే చాలదు బిడ్డా. మడిస్తే ఇరగగూడదు” అని ఒక ఆకు నా చేతిలో మడిచి చూపించింది. యాభై ఆకులు ఒక కట్ట. వెయ్యి కట్టలు ఒక స్టాండర్డ్ బస్తా. కట్టలు కల్లంలో వరసగా పరిచి ఎండబెట్టాలి, తిరగెయ్యాలి, ఆ లోపు గాలివాన వస్తే అంతా పోయినట్టే. ఫిబ్రవరి, మార్చి నెలల్లో కొమ్మ కొడితేనే మేలో మంచి ఆకు వస్తుంది. తునికాకు మొదలయ్యేలోపు ఇప్పపువ్వు కాలం అయిపోయి ఉంటుంది. ఇప్పపువ్వు రాత్రి రాలుతుంది, తెల్లారేసరికి ఏరుకోకపోతే జింకలు తింటాయి. ఏ చెట్టు ఎవరిదో గీత లేకుండానే అందరికీ తెలుసు. ఆమెకు సంతకం రాదు. ఆ అడవిలో ఏ నెలలో ఏ చెట్టు ఏం ఇస్తుందో, ఏ దుంపను ఎన్నిసార్లు ఉడికిస్తే విషం పోతుందో, ఏ పుట్ట పక్కన కూర్చోకూడదో మొత్తం ఆమె తలలో ఉంది. సుభూతి, సూర్యుల దగ్గర హుయాన్‌త్సాంగ్ ఎందుకు ఆగాడో నాకు పుస్తకంలో అర్థం కాలేదు. ఆ కల్లం అంచున అర్థమైంది.

అట్లా ఆగినవాళ్లు ఇక్కడికి తర్వాత కూడా వచ్చారు. ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ రెండో ప్రపంచ యుద్ధ కాలంలో గోదావరి లోయలో కొండరెడ్ల మధ్య ఉండి, వాళ్ల బతుకు మీద రాసిన పుస్తకం 1945లో వచ్చింది. భద్రాచలంలో సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ఆవరణలో గిరిజన మ్యూజియం ఉంది. చూడండి. అక్కడి కొమ్ముల తలపాగా, డోలు చూసి, ఆ డోళ్లు ఇంకా మోగే ఊళ్లకు కూడా పిలిస్తే వెళ్లండి.

నా స్నేహితుడు మొదటిసారి ఖమ్మం వచ్చినప్పుడు ఏం చూశాడన్నది నేను చాలాకాలం తర్వాత అడిగాను. ఖిల్లా గురించి చెబుతాడనుకున్నాను. అతను చెప్పినవి వేరు. రాత్రి ఎప్పుడు లేచినా వీధిలో వెలుతురు ఉండటం. నీళ్లు అమ్మడం. పక్కింటి వాళ్ల ఇంట్లో చావు జరిగితే ఈ ఇంట్లో టీవీ నడుస్తూ ఉండటం. లైబ్రరీలో ఎవరైనా వెళ్లి ఏ పుస్తకమైనా తీయొచ్చు అని తెలిసిన రోజు. తాను కోయలో మాట్లాడితే బస్సులో జనం తిరిగి చూడటం. ఇంత నిశితంగా ఒక పట్నాన్ని చూసిన రాత నేను ఇంకెక్కడా చదవలేదు. మనం అడవిని చూడ్డానికి పోతాం, అడవి పిల్లలు మనల్ని చూడ్డానికి వస్తారు. వాళ్లు చూసింది మాత్రం ఎక్కడా అచ్చు కాదు.

ఇవాళ తెలుగు జిల్లాల పిల్లలు వైద్యం చదవడానికి చైనా పోతున్నారు. 2020లో కరోనా వచ్చి తిరిగొచ్చినవాళ్లు రెండేళ్లు ఇంట్లో ఫోన్ ముందు కూర్చుని డాక్టరు చదువు చదివారు, 2022లో మళ్లీ వీసాలు ఇచ్చాక వెళ్లారు. సెలవు దొరికితే వాళ్లూ నగరాలు తిరుగుతారు. అప్పటి చాంగాన్ ఇప్పటి షియాన్. హుయాన్‌త్సాంగ్ తెచ్చిన గ్రంథాలను దాచడానికి 652లో కట్టి, ఆ తర్వాత తిరిగి కట్టిన ఇటుక గోపురం అక్కడ ఇంకా నిలబడి ఉంది. మన పిల్లలు ఆ గోపురం కింద నిలబడితే ఒక సంగతి గుర్తుండాలని నా కోరిక. దాని నీడలో కూర్చుని పుస్తకాలు అనువదించిన మనిషి ఒకనాడు మన అడవుల వైపు నుంచి నడిచి వచ్చాడు, మన నేల మీద శిష్యుడిగా కూర్చున్నాడు. అక్కడి వీధుల్లో వాళ్లు కూడా ఎవరినైనా వెతకాలి. ఖమ్మం తేజ మిర్చిని ఏ వంటలో ఎట్లా వేస్తారో చెప్పే వంటమనిషి దొరికినా చాలు, ఆ సాయంత్రం చదువు అయినట్టే.

ఈ ఏడాది మా పిల్లలకు హుయాన్‌త్సాంగ్ ప్రశ్నలే ఇచ్చాను. మీ ఊరు ఎంత పెద్దది, నేల ఎట్లాంటిది, ఏం పండుతుంది, ఏ మాట మాట్లాడతారు, ఏం నిలిచింది, ఏం పాడుబడింది, అక్కడ ఎవరి దగ్గర ఏం నేర్చుకోవచ్చు. పట్నం పిల్లలు భద్రాచలం గురించి, అడవి పిల్లలు తమ గూడేల గురించి, ఇద్దరూ ఒకసారి ఖమ్మం గురించీ రాయాలి. ఒకబ్బాయి తన ఊళ్లో పాడుబడినవాటి కింద మూతపడ్డ బడి గురించి రాశాడు. ఇంకొకడు మాట గురించి రాస్తూ, ఇంట్లో ఒకటి, బడిలో ఒకటి, సంతలో ఒకటి అని మూడు భాషల పేర్లు రాశాడు. అడవి దాటి వచ్చిన కుటుంబంలోని ఒకమ్మాయి చివరి ప్రశ్నకు వాళ్ల నానమ్మ అని రాసింది. ఆ నడకలో ఏ ఆకులు తిని బతికారో ఆమెకు తెలుసునట, అవి ఈ అడవిలో కూడా ఉన్నాయట, చూపిస్తుందట. వానలు తగ్గి వాగు దాటే వీలు కాగానే తరగతి మొత్తం ఆ ఊరికి పోవాలని నిర్ణయించుకున్నాం. ఆ నానమ్మకు తెలుగు అంతగా రాదు కాబట్టి పక్కన కూర్చుని మాట విప్పి చెప్పే పని ఆ అమ్మాయిది, రాసుకునే పని మిగతావాళ్లందరిదీ.